గిడ్డంగి పెద్దదే, అడుగుటకు మనిషి కలడా?

చీర కొనబోయిన ఇల్లాలికి తనకేమి కావలెనో తెలియును. బియ్యము కొనబోయిన గృహస్థునకు సోనామసూరియో మరియొకటియో ఇల్లు కదలుటకు పూర్వమే నిశ్చయమై యుండును. కాని వంటింటి కుళాయి రాత్రింబవళ్లు కారుచుండగా విసిగి దుకాణమునకు పోయిన మనుష్యునకు, చెడినది వాచరో, లోపలి కడ్డీయో, కుళాయి మొత్తమో, మార్చవలసివచ్చినచో అర అంగుళముదా, ముప్పాతిక అంగుళముదా అను సంగతి ఏమియు తెలియదు. జేబులో వేసికొని వచ్చిన తుప్పు పట్టిన తునకను బల్లమీద పెట్టి, "ఇలాంటిది ఉందా అండీ?" అని అడుగును. ఇంటి మరమ్మతు సామగ్రి అమ్ము వ్యాపారమునకును, తక్కిన వ్యాపారములకును గల భేదమంతయు ఆ ప్రశ్నలో నున్నది. ఇచ్చట కొనువాడు వైద్యుని కడకు పోయిన రోగివంటివాడు. మందు పేరు అతడెరుగడు, బాధ మాత్రమే చెప్పగలడు.

ఇట్టి సామగ్రి అమ్ము మహావిపణులను పోల్చునప్పుడు జనులు సాధారణముగా వాడు కొలబద్దలు, అనగా ఆవరణ యెంత విశాలము, సరకు లెన్ని వేలు, ధర యెంత తక్కువ, బండి నిలుపుటకు చోటున్నదా అనునవి, నా దృష్టిలో వెనుక వరుసలో కూర్చుండవలసినవి. అడుగుటకు మనిషి కలడా, అతనికి విషయము తెలియునా, తెలిసినదానిని మన మేలు కొరకు చెప్పునా లేక మరియొకరి మేలు కొరకు చెప్పునా అని ముందు విచారింపవలెను. మన నగరములందును ఇట్టి పెద్ద దుకాణములు ఒకటొకటిగా తలయెత్తుచున్న కాలమున ఈ విచారణ మనకు అక్కరలేనిది కాదు.

ఈ పరీక్షకు అమెరికాను మించిన రంగము లేదు. పిలిచినంతనే మేస్త్రీ వచ్చు భాగ్యము అచ్చట లేదు. వచ్చినను అతడడుగు గంటకూలి విన్నచో మంచి జీతగాండ్రకు సైతము గుండె గుభిల్లుమనును. అందుచేత డల్లాసు పరిసరములలోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణములందు గాని, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గాని, నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో గాని ఇల్లు కొన్న తెలుగు కుటుంబము, పాలు పొంగించిన మరుసటి శనివారమే ఒక నారింజరంగు బోర్డు క్రిందనో, ఒక నీలిరంగు బోర్డు క్రిందనో నిలువక తప్పదు. నారింజది హోమ్ డిపో, నీలిది లోస్. మొదటిదానికి ఉత్తర అమెరికాలో 2,300కు పైగాను, రెండవదానికి అమెరికాలో 1,700కు పైగాను దుకాణములు కలవు. స్వదేశమున ఉన్నంతకాలము గోడకు మేకు కొట్టి యెరుగని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఈ రెంటిలో ఏది మేలను విషయమై పప్పు, ఆవకాయ కలుపుకొనుచు గంటల తరబడి వాదించుకొనగా నేను విన్నాను.

బయటినుండి చూచువారికి రెండును కవలలే. లోపల కాలు మోపినచో భేదము తెలియును. హోమ్ డిపోలో నేల వట్టి కాంక్రీటు. ఇనుప చట్రములమీద పైకప్పును తాకునట్లు పేర్చిన సరకు. ఎక్కడనో కోయుచున్న పైను కలప వాసన. తెల్లవారి ఆరు గంటలకు తలుపులు తెరచునప్పటికే వాకిట బారులు తీరిన గుత్తేదారుల ట్రక్కులు. ఆ సంస్థ అమ్మకములలో ఇంచుమించు సగము వృత్తిపనివారివలన వచ్చునదే గనుక, ఆ యేర్పాటంతయు త్వరగా వచ్చి త్వరగా పోవలసిన వారి నడకకు అనువుగా నున్నది. లోస్‌లో దీపములు మరికొంత ప్రకాశవంతములు, నడవలు మరికొంత విశాలములు. వంటయింటి యంత్రములు, స్నానపుగది సొగసులు, పూలమొక్కలు ముందుకు వచ్చి పలుకరించును. ధరలలో చెప్పుకొనదగిన అంతరము లేదు. ఒకరి ధరను మరియొకరు కనిపెట్టుచు సరిపెట్టుకొందురు. రసీదు ఉన్నచో చాల వస్తువులను 90 దినముల లోపల తిరిగి పుచ్చుకొను ఆచారము రెంటను కలదు. చూపులకు లోస్, పనికి హోమ్ డిపో అని నా తీర్పు. అయినను ఈ తీర్పు భవనములకు సంబంధించినది మాత్రమే.

ఈ రెంటిలో వయసున పెద్దది లోస్. 1921లో నార్త్ విల్క్స్‌బరో అను చిన్న పట్టణమున లూషియస్ లో అనునతడు పెట్టిన హార్డ్‌వేరు దుకాణమది. ఆయన అల్లుడు కార్ల్ బుకన్ చేతిలో అది కట్టడపు సామగ్రి సంస్థగా రూపుదాల్చెను. హోమ్ డిపో కథ వేరు. హ్యాండీ డాన్ అను సంస్థ 1978లో ఉద్యోగమునుండి తొలగించిన బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ అను ఇద్దరు 1979 జూన్ 22వ తేదీన అట్లాంటాలో రెండు దుకాణములు తెరచిరి. సరకు చాలక, చట్రములు నిండుగా కనబడుటకై ఖాళీ పెట్టెలను పైవరకు పేర్చిరట. జనులను లోనికి పిలుచుటకై తమ పిల్లలచేత వాకిట ఒక్కొక్క డాలరు పంచి పెట్టించినను, సాయంకాలమునకు ఆ నోట్లు చెల్లిపోలేదట. కొన్ని దినముల పిమ్మట ఒక స్త్రీ తన కిచ్చిన మంచి సలహాకు కృతజ్ఞతగా మార్కస్‌కు ఒక సంచి బెండకాయలు తెచ్చి ఇచ్చెననియు, ఈ వ్యాపారము నిలువగలదను ధైర్యము ఆయనకు అప్పుడు కలిగెననియు ఆ సంస్థ చరిత్రలో చెప్పుకొందురు. పదేండ్లు తిరుగునప్పటికి, 1989లో, అది లోస్‌ను దాటిపోయెను.

దాటిపోవుటకు కారణము ఖాళీ పెట్టెలు కావు. కొళాయిల నడవలో ఒకప్పుడు ప్లంబరు పని చేసినవానిని, తీగల నడవలో ఎలక్ట్రీషియనును నిలిపి, వారికి అమ్మకముపై కమీషను గాక జీతమిచ్చి, వచ్చినవాని చేయి పట్టుకొని పని నేర్పి పంపుమని చెప్పుట ఆ స్థాపకుల విధానము. కమీషను లేనివానికి ఖరీదైన వస్తువును అంటగట్టవలసిన అక్కర లేదు. రెండు డాలర్ల వాచరుతో తీరు పనికి రెండు వందల డాలర్ల కుళాయిని చూపనివాని మాట కొనువాడు ఎన్నటికిని మరువడు. ఇల్లు మార్చునప్పుడు, పడకగది పెంచునప్పుడు, పైకప్పు వేయించునప్పుడు తిరిగి అతనియొద్దకే పోవును.

ఆ విధానమును పాడుచేసినచో ఏమగునో కూడ ఆ సంస్థ చరిత్రయే తేటపరచినది. 2000 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ నుండి రాబర్ట్ నార్డెల్లి ముఖ్యాధికారిగా వచ్చెను. కార్యశూరుడు, క్రమశిక్షణ గలవాడు, అంకెలయందు అపారభక్తి గలవాడు. చెదరియున్న కొనుగోళ్లను కేంద్ర కార్యాలయమునకు లాగెను. దుకాణ నిర్వాహకుల స్వాతంత్ర్యమును తగ్గించెను. అనుభవము గల పూర్తికాలపు పనివారి స్థానమున అర్ధకాలపు పనివారి సంఖ్యను పెంచెను. లెక్కల పుస్తకము పరమానందభరితమయ్యెను. లాభములు రెట్టింపును మించెను. కాని నడవలలో నిలిచి అటునిటు చూచు కొనుగోలుదారునకు పనివారు ధరించు నారింజరంగు ఏప్రను ఒక్కటియు కానరాదయ్యెను. కనబడినను, "అది నా విభాగం కాదండీ" అను సమాధానము మిక్కుటమయ్యెను. మిషిగన్ విశ్వవిద్యాలయమున పుట్టిన వినియోగదారుల సంతృప్తి సూచికలో 2005వ సంవత్సరమునకు హోమ్ డిపో 100కు 67 తెచ్చుకొని, లోస్ కన్న 11 అంకెలు వెనుకబడి, పెద్ద చిల్లర వర్తక సంస్థలన్నిటిలో అట్టడుగున నిలిచెను. 2007 జనవరిలో నార్డెల్లి వైదొలగునప్పుడు ఆయనకు ముట్టిన మొత్తము 21 కోట్ల డాలర్లు. ఆ ధనముతో ఎందరు వృద్ధ ప్లంబర్లను నడవలలో నిలిపి యుండవచ్చునో లెక్కవేయు ఓపిక నాకు లేదు.

ఆయన తరువాత వచ్చిన ఫ్రాంక్ బ్లేక్ న్యాయవాది. అంతకుముందు దుకాణము నడిపినవాడు కాడు. అయినను స్థాపకులు గీచిపెట్టిన తలక్రిందుల పిరమిడును మరల బయటికి తీసెను. దానిలో కొనుగోలుదారు అందరికన్న పైన, అతనికి ఎదురుపడు పనివాడు ఆ క్రింద, ముఖ్యాధికారి అట్టడుగున ఉందురు. ఇంతటి మహాసంస్థ మరల మొదటి పాఠమునకు రావలసివచ్చెను.

ఆ పాఠము ఆచరణలో ఎట్లుండునో నేను దగ్గరనుండి చూచితిని. మా బంధువర్గములోని యువకుడొకడు హైదరాబాదునుండి ఓడలో తెప్పించుకొన్న బరువైన టేకు పూజామందిరమును గోడకు వ్రేలాడదీయదలచి, అంత బరువునకు తగిన లావుపాటి మేకులు కావలెనని పోయెను. తోడుగా నేను పోతిని. నడవలో నున్న నెరసిన గడ్డపు పెద్దమనిషి మేకులు చూపలేదు. "దాని బరువెంత? మీ గోడలో కర్రలు ఎక్కడున్నాయో చూసుకున్నారా?" అని అడిగెను. అచ్చటి ఇండ్ల గోడలు మన ఇటుక గోడలు కావు. జిప్సము పలకల వెనుక పదునారు అంగుళములకొక నిలువు కర్ర యుండును. పలకకు కొట్టిన మేకు ఎంత లావైనను దేవుని సమేతముగా నేలకు దిగును. ఆయన చిన్న అయస్కాంతమొకటి చేతికిచ్చి, గోడమీద మెల్లగా జరిపినచో లోపలి కర్రకు బిగించిన మేకులను అది పట్టుకొనుననియు, అచ్చట గుర్తు పెట్టుకొని కర్రలోనికి మరలు బిగింపవలెననియు, గోడమీద వ్రేలితో గీచి చూపెను. కొన్నది స్వల్పము, తెలిసికొన్నది చాల. ఇది ఆ రెంటిలో ఏ దుకాణమో చెప్పను. ఎందుకనగా రెంటను ఇట్టివారు కలరు, రెంటను ఇట్టివారు కానరాని వేళలును కలవు.

మనిషి లేనిచోట కొలతలు సైతము మోసగించును. "టూ బై ఫోర్" అని పేరు చెప్పి అమ్ము కలపను టేపు పెట్టి కొలిచినచో ఒకటిన్నర అంగుళములు, మూడున్నర అంగుళములు మాత్రమే యుండును. కోసినప్పటి కొలత పేరుగా మిగిలి, ఎండబెట్టి చిత్రిక పట్టుటలో తరుగు పోయినది. అచ్చటి వడ్రంగులందరకు ఇది పుట్టుకతో తెలిసిన సంగతి. అయినను దీనిపై దుకాణములమీద వ్యాజ్యములు వేసినవారు కలరు. కాగితము మీద రెండును నాలుగును వేసికొని అలమర చేయబోయిన క్రొత్తవానికి అర అంగుళము ఎక్కడ పోయినదో చట్రముమీది ధరల చీటీ చెప్పదు.

మధ్య పశ్చిమ రాష్ట్రములందు మెనార్డ్స్ అను మరియొక పెద్ద సంస్థ కలదు. అది పదునొకండు శాతము సొమ్మును టపాలో రసీదు పంపినవారికి తిరిగి ఇచ్చెదనను ఆశతో పేరు పొందినది. ఆ సొమ్ము నగదుగా గాక మరల అచ్చటనే ఖర్చుపెట్టవలసిన పత్రముగా వచ్చునని తెలిసికొన్నచో దానినిగూర్చి అంతకన్న చెప్పవలసినది లేదు. ఏస్ హార్డ్‌వేర్ సంగతి వేరు. 1924లో చికాగోలో పుట్టి, ఇప్పుడు విడివిడి దుకాణదారులే యజమానులుగా నడుచు సహకార సంస్థ యది, దుకాణములు చిన్నవి, ధర కొంచెము హెచ్చు, అయినను ఒక్క మర కావలసినప్పుడు, తలుపు దగ్గరనే ఎదురువచ్చి "ఏం కావాలి?" అని అడుగువాడు ఉండుటచే, ఆ మహాగిడ్డంగుల నీడలో నలుగక నిలిచియున్నది.

ఇక మన సంగతి. 2006లో హోమ్ డిపో చైనాకు పోయి, హోమ్‌వే అను సంస్థకు చెందిన 12 దుకాణములను కొని, ఆరేండ్లు తిరుగకముందే, 2012 సెప్టెంబరులో, మిగిలిన 7 పెద్ద దుకాణములను మూసివేసెను. కూలి చౌకగా దొరకు దేశమున తన గోడకు తాను రంగు వేసికొనుటకు ఎవరికి సరదా? ఈ విషయమున మనమును చైనావారికి దూరపు చుట్టములము కాము. లోస్ సంస్థ మన దేశమున ఇంతవరకు దుకాణము తెరువలేదు. బెంగళూరులో కార్యాలయము తెరచి, వేలాది ఇంజనీర్లచేత, అందు మన తెలుగువారిచేతను, అమెరికా దుకాణములకు కావలసిన కంప్యూటరు పనులు చేయించుకొనుచున్నది. సంస్థలకు మన పరిస్థితి మనకన్న బాగుగా తెలియును.

మనకు చిన్న దుకాణములున్నవి. వానిలో తెలిసినవారును ఉన్నారు. సికింద్రాబాదు రాణీగంజులో గొట్టముల దుకాణముముందు నిలిచి తుప్పు తునకను చూపినచో, ముఖము ఎత్తకుండగనే దాని కొలత, కంపెనీ, అది ఎన్నాళ్లక్రితపు కుళాయిదో చెప్పగల కుర్రవాండ్రు కలరు. వారి విద్య ముందు ఏ నారింజరంగు ఏప్రనును నిలువజాలదు. కాని ఆ విద్య మన పక్షమున నుండదు. ఇల్లు కట్టించుకొనుచున్న గృహస్థుడు తానే పోయి సీపీవీసీ గొట్టములు బేరమాడబోయినచో, దుకాణదారు మొదట అడుగు మాట, "మీ ప్లంబర్ ఎవరండీ? ఒకసారి ఫోన్ కలపండి." ఆ ఫోనులో నడచునది సలహా కాదు, వాటాల పంపకము. బిల్లులో మేస్త్రీకి పోవలసిన పాలు ముందే కలిసియుండును. కలియనిచో మేస్త్రీ మరునాడు ఆ గొట్టములను చూచి, "ఈ మాల్ అయితే నాకు గ్యారంటీ లేదు సార్" అని చేతులు దులుపుకొనును.

రంగుల వ్యాపారములో ఈ సంగతి మరింత బాహాటముగా నడచుచున్నది. డబ్బా మూత తెరచినచో లోపల రంగులు వేయువానికని ఒక టోకెనో, కూపనో యుండును. సొమ్ము ఇంటివానిది, కానుక పనివానిది. ఏ రంగు గోడకు మేలను విషయమున పనివాడు చెప్పుమాట ఆ టోకెను చెప్పుమాటయో, అతని అనుభవము చెప్పుమాటయో తెలిసికొను ఉపాయము ఇంటివానికి లేదు. నేను మేస్త్రీలను నిందించుటలేదు. దినకూలి చాలనివాడు కమీషనును ఆశ్రయించును. కూలి దగ్గర పదులకు బేరమాడి, సరకు దగ్గర వేలకు నోరు మూసికొను గృహస్థుడే ఈ పద్ధతికి సగము పోషకుడు.

2018 ఆగస్టు 9వ తేదీన హైదరాబాదు హైటెక్ సిటీలో స్వీడను సంస్థ ఐకియా తన మొదటి భారతీయ దుకాణమును తెరచినప్పుడు, ఆ 4 లక్షల చదరపు అడుగులలో నూతనమైనది మంచములు, కుర్చీలు కావు. ప్రతి వస్తువుమీద అందరకు కనబడునట్లు అంటించిన ఒక్క ధర, బేరములేని ధర, ఎవరి వాటాయు కలియని ధర. జనులు వేయిమంది కూర్చుండు భోజనశాలలో బిర్యాని తిని పోయిరని నవ్వినవారు ఆ ధరల చీటీలను గమనింపలేదు. విడిభాగములను ఇంటివారే బిగించుకొనవలెనను స్వీడను సిద్ధాంతము మాత్రము ఇచ్చట అంతగా చెల్లలేదు. బిగించుటకు మనుష్యులను పంపు ఏర్పాటును ఆ సంస్థ, ఇంటిపనులకు పనివారిని సమకూర్చు అర్బన్‌క్లాప్‌తో కలిసి ప్రారంభమునుండియే చేసికొనవలసివచ్చెను. అది వివేకమే. అయినను ఐకియా అమ్మునది అలంకరణ. కారుచున్న కుళాయికి అచ్చట సమాధానము లేదు.

ఆ సమాధానమును అమ్మదలచి మన నగరములకు రాబోవు పెద్ద దుకాణములవారికి నేను చెప్పదలచినది స్వల్పము. చట్రములు, చలువ యంత్రములు, తోపుడుబండ్లు ఎవరైనను తెచ్చుకొనగలరు. మన యూళ్లలో మోకాళ్లు అరిగి నిచ్చెన ఎక్కలేకపోవుచున్న ప్లంబర్లు, వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు ఎందరో కలరు. వారిని నెల జీతమునకు నడవలలో కూర్చుండబెట్టుడు. కమీషను ఇయ్యకుడు. వారి ముందు ఒక కుర్చీ వేసి, తుప్పు తునక తెచ్చినవానిని అందు కూర్చుండబెట్టుడు. అట్లు చేయని దుకాణము ఎంత పెద్దదైనను, అది సెల్‌ఫోనులో కొనగల సరకునే ఎండలో పోయి కొనుచోటు మాత్రమే యగును.

పాఠకులకు ఒక మాట. మేస్త్రీకి తగిన కూలి మొదటనే మాటాడుకొని ఇచ్చి, సరకు మాత్రము మీరే పోయి, ధర చీటీ చూచి, బిల్లుతో కొనుడు. బిల్లు లేనిచో పది శాతము తగ్గించెదనన్నను వలదనుడు. ఆ బిల్లు క్రింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసియున్నను భయపడకుడు. లోపము గల వస్తువును బిల్లులో చెప్పిన గడువులోను, గడువు చెప్పనిచో 30 దినముల లోపలను తిరిగి పుచ్చుకొనక నిరాకరించుట, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి.